పదకొండో నంబరు

కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే నెల్లూరు తీరంలో చిన్నపిల్లలకు కూడా సంగతి అర్థమవుతుంది. ఆ రోజు పడవలు వేటకు పోవు. మైపాడులోనూ ఇస్కపల్లిలోనూ వాటిని ఇసుకమీదికి బాగా పైకి లాగి తాళ్లతో కట్టేస్తారు. వలలు ఇళ్లలోకి చేరతాయి. మన రేవుల్లో వాడే తుఫాను హెచ్చరికలు మొత్తం 11. పగటిపూట శంకువు, డోలు ఆకారాల్లో ఉండే గుర్తుల్ని స్తంభం మీదికి ఎక్కిస్తారు. రాత్రిపూట ఎరుపు, తెలుపు దీపాలు వెలిగిస్తారు. ఒకటీ రెండూ దూరాన నడిసముద్రంలో ఏదో పుట్టిందని చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదానికి గుర్తులు.

పదో నంబరు దాకా పేపర్లలో చదివినవాళ్లు చాలామందే ఉంటారు. పదకొండో నంబరు సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడే ప్రమాదం ఉంది అని దాని అర్థం. పై పది గుర్తులూ గాలి గురించీ సముద్రం గురించీ మాట్లాడితే, ఇది ఒక్కటీ కబురు గురించి మాట్లాడుతుంది. కబురు ఆగిపోయిందన్న కబురు అది.

ఈ తీరంలో వైర్‌లెస్ చరిత్ర చెప్పుకోవాలంటే ఆ గుర్తు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. రేడియో పెట్టె ముందు కూచున్న ప్రతి మనిషినీ వేధించే ప్రశ్న అందులోనే ఉంది. ఏమీ వినిపించడం లేదంటే అవతల ఎవరూ మాట్లాడటం లేదా? మాట్లాడుతున్నా దారిలో ఏదో తెగిందా? ఈ రెంటినీ విడదీయడానికి హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ రేడియో మీద మాట్లాడుకునేవాళ్లు, వందేళ్లుగా ఒక ఆచారం పాటిస్తున్నారు. నువ్వు నాకు ఇంత బాగా వినిపించావు అని అవతలివాడికి తిరిగి చెప్పడం. దాని పేరు సిగ్నల్ రిపోర్టు. ఇవాళ నెల్లూరులోనో కావలిలోనో ఒక ఇంట్లో లినక్స్ కంప్యూటర్ ముందు కూచుని, తెర మీద ఒక్క కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) కూడా పడక తల పట్టుకున్న మనిషి ఆ ఆచారపు చివరి కొసన ఉన్నాడు.

ఆ మొదటి కొస కలకత్తాలోనూ మద్రాసులోనూ దొరుకుతుంది. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు 2జేకే అనే కాల్‌సైన్‌తో లైసెన్సు పొందారు. మన దేశపు తొలి హ్యామ్‌గా ఆయన్నే చెబుతారు. మూడేళ్ల తర్వాత, 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పుట్టింది. దాని వెనక ఉన్న మనిషి సి.వి. కృష్ణస్వామి చెట్టి. ఆ జూలై 31న క్లబ్బు 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టింది. నలభై వాట్లంటే ఇళ్లలో ఒక పాత ఫిలమెంటు బల్బు తినేంత కరెంటు. తర్వాత దాన్ని 200 వాట్లకు పెంచారు. సర్కారు పూనుకోకముందే అభిరుచి ఉన్న నలుగురు చందాలు వేసుకుని ఆకాశంలోకి గొంతు పంపారు. ఆంధ్ర ప్రాంతపు రేడియో చరిత్రలో ఈ క్లబ్బుకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. రైలెక్కితే మద్రాసు సగం పూట ప్రయాణం.

డబ్బు చాలక 1927లో ఆ క్లబ్బు ప్రసారాలు ఆగిపోయాయి. ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. కార్పొరేషన్ దానితో 1930 ఏప్రిల్ 1న మళ్లీ ప్రసారాలు ప్రారంభించింది. ఈ రెంటికీ మధ్యనే, 1927 నవంబరు మొదట్లో, నెల్లూరు మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. మనుషులు వందల్లో, పశువులు వేలల్లో పోయాయి. క్లబ్బు బతికి ఉన్నా ఆ గాలిని ఆపేది కాదు, పల్లెల్లో వినే సెట్లూ లేవు. అయినా ఆ రెండు సంఘటనలూ ఒకే సంవత్సరంలో పక్కపక్కన కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. ఆనాడు తీరంలోని పట్టపుపాళేనికి కబురు చేరాలంటే తంతి ఆఫీసు దాటాక మనిషి కాళ్లే దిక్కు.

అప్పటికి సిగ్నల్ రిపోర్టుకు ఒక పద్ధతంటూ స్థిరపడలేదు. ఓడల తంతి మనుషులు వాడే క్యూ సంకేతాలు ఉండేవి. క్యూఎస్ఎల్ అంటే అందింది అని. బాగా వినిపిస్తున్నావు, కాస్త వినిపిస్తున్నావు అని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకునేవాళ్లు. 1934లో ఆర్థర్ బ్రాటన్ అనే అమెరికా హ్యామ్ ఆర్‌ఎస్‌టీ పద్ధతి ప్రతిపాదించాడు. మూడు అంకెల మాట అది. మొదటి అంకె ఎంత స్పష్టంగా అర్థమైందో చెబుతుంది, 1 నుంచి 5 దాకా. రెండోది సిగ్నల్ బలం, 1 నుంచి 9. మూడోది మోర్సు స్వరం ఎంత శుభ్రంగా ఉందో చెప్పేది, అదీ 9 దాకానే. 599 వస్తే అంతకు మించింది లేదు. గొంతుతో మాట్లాడేటప్పుడు స్వరం అంకె తీసేసి ఫైవ్ నైన్ అంటారు. తొంభై ఏళ్లయినా ఈ అంకెలు మారలేదు.

రిపోర్టుకు రుజువు క్యూఎస్ఎల్ కార్డు. పోస్టుకార్డంత అట్ట మీద కాల్‌సైన్, తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఆర్‌ఎస్‌టీ రాసి సంతకం చేసి పంపుతారు. నెలలు పట్టినా కార్డు వచ్చేది. హ్యామ్‌ల గదుల్లో గోడ కనిపించకుండా ఈ కార్డులే ఉండేవి. దాన్ని షోకు అనుకునేవాళ్లకు అసలు విషయం తెలియదు. ఫలానా రోజు ఫలానా వేళ నా గొంతు అక్కడిదాకా వెళ్లిందన్న సాక్ష్యపత్రం ప్రతి కార్డూ.

యుద్ధం వచ్చింది. 1939లో హ్యామ్ లైసెన్సులు రద్దయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మే 15న మౌలో, సైన్యపు స్కూల్ ఆఫ్ సిగ్నల్స్‌లో, అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. విదేశీ సెట్లు కొనే స్తోమత అప్పుడు చాలా తక్కువమందికి ఉండేది. యుద్ధం మిగిల్చిన సైన్యపు సామాను, పాత బజారులో దొరికే 807 వాల్వు, చేత్తో చుట్టుకున్న కాయిళ్లే ఆధారం. ఇంట్లో కట్టుకున్న సెట్టుతో దేశాలు దాటి మాట్లాడటం అప్పటి హ్యామ్‌లకు గొప్ప. 1978లో కొత్త అమెచ్యూర్ సర్వీసు నిబంధనలు వచ్చాయి. 1984లో సెట్ల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. రాజీవ్ గాంధీ స్వయంగా హ్యామ్, ఆయన కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ.

తెలుగు నేలకు సంబంధించినంతవరకు మలుపు 1983. హైదరాబాదులో ఎస్. సూరి, వీయూ2ఎంవై, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించారు. పరీక్షకు తయారు చేయడం, మోర్సు నేర్పడం, విపత్తుల వేళ మనుషుల్నీ సెట్లనూ పంపడం దాని పనులు. అంతకు ఆరేళ్ల ముందే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన లెక్కకు అందినంతలోనే పదివేల ప్రాణాలు తీసింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఎక్కడ ఎవరు బతికున్నారో పక్క ఊరికి తెలియని రోజులవి. ఆ తర్వాత 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీవ్రమైన తుఫాన్లు తీరం దాటాయి. కావలి వైపు పెద్దవాళ్లు ఆ 1989 రాత్రి గాలిని ఈనాటికీ తలుచుకుంటారు.

ఆ దశాబ్దంలోనే ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరిక వినిపించే రిసీవర్లను దక్షిణ కోస్తాలో, ఉత్తర తమిళనాడు తీరంలో పెట్టారు. ముందు సైరన్ మోగేది. తర్వాత తెలుగులో ప్రకటన. అవి నిజంగా ప్రాణాలు కాపాడే పెట్టెలు. కాకపోతే అది ఒకవైపు దారి. పైనుంచి మాట వచ్చేది, అందింది అని కిందినుంచి తిరిగి చెప్పే నోరు ఆ రిసీవరుకు లేదు. హ్యామ్‌ల ఆచారం విలువ ఇక్కడే తెలుస్తుంది. వాళ్ల మాటల్లో సగం అందిందా, అందింది అనే ఇచ్చిపుచ్చుకోలే.

ఇదే తీరంలో ఒక చివర రాకెట్ల దీవి లేచింది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ అక్కడినుంచి ఎగిరింది. రాకెట్ ఎగిరాక కింద మిగిలేది వినడమే. హ్యామ్‌లకు ఆ పని కొత్త కాదు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ పైకెళ్లినప్పుడు దాని బీప్ శబ్దాన్ని లోకమంతా హ్యామ్‌లు ఇంటి సెట్లలోనే పట్టుకున్నారు. 1961 డిసెంబరు 12న వాళ్ల సొంత ఉపగ్రహం ఆస్కార్-1 వెళ్లింది. అది మోర్సులో హెచ్ఐ అనే రెండు అక్షరాలు తప్ప ఇంకేమీ అనలేదు. ఆ రెండక్షరాలు విన్నామని 28 దేశాలనుంచి 570 మందికి పైగా రిపోర్టులు పంపారు.

శ్రీహరికోటకు ఆ వంతు 2005 మే 5న వచ్చింది. పీఎస్‌ఎల్‌వీ-సీ6 కొత్తగా కట్టిన రెండో ప్రయోగ వేదికనుంచి మొదటిసారి లేచింది. దాని పైన పెద్ద ప్రయాణికుడు కార్టోశాట్-1. పక్కన 42.5 కిలోల చిన్న పెట్టె, హ్యామ్‌శాట్. భూమ్మీది హ్యామ్‌లు 435 మెగాహెర్ట్జ్ మీద మాట పంపితే దాన్ని అందుకుని 145 మెగాహెర్ట్జ్ మీద కిందికి దించేది. ఆ పని చేసే ట్రాన్స్‌పాండర్లు అందులో రెండు ఉండేవి. ఒకటి మన దేశంలో చేసింది. రెండోది విలియం లైయెనార్ అనే డచ్చి యువకుడు, తానూ హ్యామే, చేసిచ్చింది. ప్రయోగం సఫలమయ్యాక దానికి వీఓ-52 అనే పేరు కూడా వచ్చింది.

ఆ ఉపగ్రహంలో ఒక సొగసు ఉండేది. పంపే బ్యాండు వేరు, దిగే బ్యాండు వేరు కాబట్టి మాట్లాడుతున్నవాడే హెడ్‌ఫోను పెట్టుకుని ఉపగ్రహంనుంచి తిరిగొస్తున్న తన గొంతు వినగలిగేవాడు. ఇంకొకరి రిపోర్టు కోసం ఎదురుచూడనక్కర లేకపోయేది. ఆరువందల కిలోమీటర్ల పైకి వెళ్లిన తన మాట తనకే వినిపించేది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నది తొమ్మిదేళ్లు బతికింది. బ్యాటరీ చెడి 2014 జూలైలో మూగబోయింది. ఇస్రో ప్రయోగాల జాబితాలో ఇది చాలా చిన్న పేరు. ఈ వ్యాసం చెప్పుకొస్తున్న కథలో మాత్రం నెల్లూరు తీరం లోకపు హ్యామ్‌లకు పంపిన అన్నిటికంటే పెద్ద కానుక. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. హ్యామ్‌శాట్ ఎగిరిన రోజుకు మాత్రం అది నెల్లూరు జిల్లాదే.

హ్యామ్‌శాట్ ఎగరడానికి అయిదు నెలల ముందే హ్యామ్‌లకు పరీక్ష ఎదురైంది. అండమాన్ దీవులనుంచి హ్యామ్ రేడియో చాలా ఏళ్లుగా వినిపించలేదు. అక్కడినుంచి మాట్లాడటానికి అనుమతి సంపాదించి భారతి ప్రసాద్, హైదరాబాదు సంస్థ తరఫున, 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు. ఆమె కాల్‌సైన్ వీయూ4ఆర్‌బీఐ. లోకం నలుమూలలనుంచి హ్యామ్‌లు ఆమెతో మాట్లాడి ఆ ఫైవ్ నైన్ కోసం పోటీపడుతున్నారు. డిసెంబరు 26 ఉదయం భూమి కదిలింది. ఫోన్లు పోయాయి. అప్పటిదాకా సరదా కోసం నడిచిన స్టేషను ఒక్క పూటలో దీవులకూ ప్రధాన భూమికీ మధ్య వారధి అయింది. ఎవరు క్షేమమో, ఎవరి జాడ తెలియలేదో రోజుల తరబడి ఆ స్టేషను మీదుగానే వెళ్లింది. ఆ భూకంపం లేపిన సునామీ ఆంధ్ర తీరంలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. నెల్లూరు పాళేలు ఆ అలల్ని చూశాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఆ ఉదయం వచ్చిన ప్రతి రిపోర్టూ ఇక్కడి మత్స్యకార కుటుంబాలకు పరాయి కబురు కాదు.

ఆ తర్వాత రిపోర్టు రూపం మారింది. రాయడం చెయ్యి మానేసింది, కంప్యూటరు అందుకుంది.

ఇంగ్లండులో పీటర్ మార్టినెజ్ 1998లో పీఎస్‌కే31 అనే పద్ధతి తయారుచేశాడు. కంప్యూటరు సౌండ్ కార్డు ఉంటే చాలు, టైపు చేసిన అక్షరాలు రేడియో మీద సన్నని ఈలలా వెళతాయి. ఎవరి కంప్యూటరు ఎవరిని విన్నదో దానికదే ఒకచోటికి పంపితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడినుంచే సాగింది. ఫిలిప్ గ్లాడ్‌స్టోన్ నడిపే పీఎస్‌కే రిపోర్టర్ పేరులో ఆ పుట్టుక ఇంకా మిగిలి ఉంది. జంట నక్షత్రాల పల్సర్‌ను కనిపెట్టి 1993లో నోబెల్ పొందిన జో టేలర్ కూడా హ్యామే. 2008లో ఆయన విస్పర్ అనే ప్రోగ్రాం విడుదల చేశాడు. అది రెండు నిమిషాలపాటు కాల్‌సైన్, ఉన్న చోటు, వాడిన వాట్లు, ఈ మూడే చెబుతుంది. 2017లో స్టీవ్ ఫ్రాంకేతో కలిసి ఎఫ్‌టీ8 తెచ్చాడు. పదిహేను సెకన్లకు ఒక వంతు. ఒకరు పంపితే తరువాతి పదిహేను సెకన్లలో అవతలివాళ్లు జవాబిస్తారు. చుట్టూ ఉన్న రొదలో నూట ఇరవయ్యో వంతు బలం ఉన్న సిగ్నల్‌ను కూడా అది ఏరుకోగలదు. చెవికి ఏమీ వినపడని చోట కంప్యూటరు పేర్లు చదువుతుంది. ఆర్‌ఎస్‌టీ అంకెల స్థానంలో డెసిబెళ్లు వచ్చాయి. నెలల తర్వాత వచ్చే కార్డుకు బదులు అయిదారు నిమిషాల్లో పటం మీద చుక్క పడుతుంది.

నెల్లూరులాంటి చోట ఆ చుక్కలకు శాస్త్రపరమైన విలువ కూడా ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది. దానికి దగ్గరగా ఉన్న ఆకాశంలో సూర్యాస్తమయం తర్వాత అయనోవరణం పైకి లేచి కల్లోలపడుతుంది. అప్పటిదాకా స్థిరంగా ఉన్న సిగ్నళ్లు వణుకుతాయి, కొన్ని మాయమవుతాయి, ఊహించని దిక్కునుంచి కొత్తవి వస్తాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు శిష్యగణం ఈ అయనోవరణం మీదే పరిశోధనలు నడిపింది. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఈ కల్లోలాన్ని చూస్తూనే ఉంటుంది. ఇంటి మిద్దె మీద పదిమీటర్ల తీగ కట్టి, 14.074 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్‌టీ8 వింటూ రిపోర్టులు పంపే మనిషి అదే ఆకాశాన్ని తన స్థాయిలో కొలుస్తున్నాడు.

అందుకే ఆ ఇంటి కంప్యూటరు మొరాయిస్తే పట్టించుకోవాలి. మొరాయించడం చాలా రకాలు. అన్నిటిలోకీ బాధపెట్టేది లోపం చెప్పకుండా మౌనంగా ఉండిపోవడం.

మొదట చూడవలసింది గడియారం. పదిహేను సెకన్ల వంతులు లోకమంతా ఒకేసారి మొదలవుతాయి కనుక రెండు సెకన్లు తేడా వస్తే చాలు, తెర మీద ఈలల గీతలు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి, కంప్యూటరు ఒక్క పేరూ చదవలేదు. ఎఫ్‌టీ8 వినడానికి వాడే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాంలో డీటీ అనే వరస ఉంటుంది. విన్న ప్రతి స్టేషనూ మన గడియారంతో ఎంత తేడాగా ఉందో అది చూపిస్తుంది. ఒక్కరికి తేడా ఉంటే అది వాళ్ల గడియారం. అందరికీ ఒకే తేడా చూపిస్తుంటే అది మనదే. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే గడియారం ఇంటర్నెట్ సమయంతో కలిసిందో లేదో చెబుతుంది. కలవకపోతే క్రోనీ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుంటే సరిపోతుంది. కరెంటు పోయివచ్చాక నెట్ రావడానికి ఆలస్యమైన ఇళ్లలో ఈ తంటా ఎక్కువ. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకు మరీను. వాటిలో చాలావాటికి కరెంటు లేనప్పుడు కాలం గుర్తుపెట్టుకునే బ్యాటరీ ఉండదు. లాగ్‌లో తేదీల సంగతి వేరు. రాసేదంతా యూటీసీలోనే. మన అర్ధరాత్రి దాటినా తెల్లారగట్ల అయిదున్నర దాకా లాగ్‌లో నిన్నటి తేదీయే ఉంటుంది. అది లోపం కాదు.

రెండోది చెవి. రేడియోనుంచి వచ్చే శబ్దం ఏ సౌండ్ పరికరం గుండా వస్తుందో కంప్యూటరుకు తెలియాలి. యూఎస్‌బీ తీగ ఒక సందులోంచి తీసి ఇంకో సందులో పెడితే పరికరం పేరు మారిపోవచ్చు. ప్రోగ్రాం పాత పేరు కోసం వెతుకుతూ నిశ్శబ్దాన్నే వింటుంది. పైప్‌వైర్ లేదా పల్స్‌ఆడియో సెట్టింగులలో మైకు స్థాయి సున్నాలో ఉన్నా అంతే. శబ్దం కొలత 30 డెసిబెళ్ల దగ్గర ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే చెవి మూసుకుపోయిందన్నమాట. రేడియో కూడా అప్పర్ సైడ్‌బ్యాండులో ఉందో లేదో చూసుకోవాలి.

మూడోది చెయ్యి, అంటే రేడియోను కంప్యూటరు నడిపే సీరియల్ తీగ. లినక్స్ ఎవరికి పడితే వారికి ఆ ద్వారం తెరవదు. వాడేవాడి పేరు డయలౌట్ అనే గుంపులో ఉండాలి. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. రావడం మరిచిపోయి గంటలు పోగొట్టుకున్నవాళ్లు తక్కువమంది కారు. ఉబుంటు 22.04 వచ్చినప్పుడు ఇంకో చిత్రమైన చిక్కు తలెత్తింది. చవకగా దొరికే సీహెచ్340 చిప్పు ఉన్న తీగలను, చూపులేనివారి బ్రెయిలీ పరికరమనుకుని బీఆర్ఎల్‌టీటీవై అనే సేవ లాక్కునేది. తీగ పెట్టిన క్షణం కనిపించి, మరుక్షణం మాయమయ్యేది. బ్రెయిలీ పరికరం వాడని ఇంట్లో ఆ సేవ తీసేస్తే ద్వారం నిలబడుతుంది.

ఈ మూడూ సరిగా ఉన్నా పటం మీద చుక్క పడకపోవచ్చు. వినడం వేరు, విన్నానని చెప్పడం వేరు. పాత కార్డుల రోజుల్లోనూ అంతే. లాగ్ పుస్తకంలో రాసుకుని పోస్టు చేయనివాళ్లు ఉండేవాళ్లు. తెర మీద పేర్లు వరసగా పడుతున్నా సెట్టింగులలో పీఎస్‌కే రిపోర్టర్ గడిలో టిక్కు లేకపోతే ఆ విన్నదంతా ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. టిక్కు ఉన్నా రిపోర్టు 4739 నంబరు పోర్టుకు యూడీపీ పద్ధతిలో వెళుతుంది. యూడీపీ జవాబు అడగదు. ఫైర్‌వాల్ మధ్యలో మింగేసినా పంపినవాడికి తెలియదు. అప్పుడు టీసీపీ వాడమని ఇంకో గడిలో టిక్కు పెట్టి చూడాలి. 2237 పోర్టు కథ ఇంకోటి. విన్న వివరాలను డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఇంట్లోని వేరే ప్రోగ్రాంలకు ఆ పోర్టు మీదుగా అందిస్తుంది. లాగ్ ప్రోగ్రాం ఒకటి, పటం ప్రోగ్రాం ఇంకోటి రెండూ అదే పోర్టు పట్టుకోవాలని చూస్తే రెండోదానికి ఏమీ దక్కదు. ఎస్ఎస్ అనే ఆదేశంతో ఎవరు పట్టుకున్నారో చూసి, అందరికీ ఒకేసారి అందే మల్టీకాస్ట్ చిరునామాకు మార్చుకుంటే గొడవ తీరుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం తప్పుడు రిపోర్టు. రేడియో 7 మెగాహెర్ట్జ్ మీద వింటుంటే, తీగ తెగి కంప్యూటరు ఇంకా 14 అనుకుంటుంటే, విన్నవాళ్లంతా తప్పు బ్యాండులో నమోదవుతారు. ఆ లెక్కల మీద ఆకాశాన్ని అంచనా వేసేవాళ్లను అది పక్కదారి పట్టిస్తుంది. రిపోర్టు లేకపోవడం దీనికంటే మేలు.

నెల్లూరుకు ప్రత్యేకమైన పొరపాటు ఒకటుంది. హ్యామ్‌లు తామున్న చోటు చెప్పడానికి మెయిడెన్‌హెడ్ గడుల పద్ధతి వాడతారు. 1980లో ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్ అనే ఊళ్లో ఇది ఖాయమైంది. ముందు రెండక్షరాలు 20 డిగ్రీల వెడల్పు, 10 డిగ్రీల ఎత్తు ఉన్న పెద్ద గడి. తర్వాతి రెండంకెలు అందులో చిన్న గడి. పెద్ద గడుల హద్దుల్లో ఒకటి సరిగ్గా 80 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత నెల్లూరు నగరాన్ని తూర్పు వైపున ఒరుసుకుంటూ పోతుంది. కావలి కూడా దాన్ని ఆనుకునే ఉంది. నెల్లూరు నగరం నడుమ ఉన్న ఇల్లు ఎంకే94. ఇరవై కిలోమీటర్లు తూర్పుకు వెళ్లి మైపాడు బీచిలో నిలబడితే ఎన్‌కే04. కృష్ణపట్నం అదే గడి. శ్రీహరికోట ఎన్‌కే03.

ఊరు దాటితే అక్షరమూ మారుతుంది, అంకె కూడా మారుతుంది. రెంటిలో ఒక్కటే మార్చి ఊరుకుంటే తంటా. నగరంలో ఉన్నవాడు ఎంకే04 అని కొడితే అతని స్టేషను దాదాపు రెండువేల కిలోమీటర్లు పడమరగా అరేబియా సముద్రం నడుమ తేలుతుంది. ఎన్‌కే94 అని కొడితే అంతే దూరం తూర్పున, బర్మా, థాయిలాండ్ సరిహద్దు కొండల్లో పడుతుంది. సాఫ్ట్‌వేరుకు అందులో తప్పేమీ కనిపించదు, నాలుగు అక్షరాలూ చెల్లేవే. తీరంలో పడవవాడు దీపస్తంభం ఎక్కడుందో సరిచూసుకున్నట్టు చేతిలోని ఫోనులో రేఖాంశం చూసుకుని, 80కి ఇటా అటా తేల్చుకుని రాయడం ఒక్కటే దారి.

ఇన్ని సరిచేశాక కూడా ఏమీ రాకపోతే మిద్దె ఎక్కాలి. ఉప్పుగాలి రాగి తీగను పచ్చగా చేస్తుంది, కనెక్టర్లలో తుప్పు పట్టిస్తుంది. కంప్యూటరు ఎంత బాగున్నా ఆ తుప్పును తెర మీద చూపించలేదు. రొయ్యల చెరువుల దగ్గరి ఇళ్లలో ఏరేటర్ల మోటార్లు తిరిగే వేళ రొద పెరిగిందేమో రాత్రీ పగలూ పోల్చి చూసుకోవాలి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలవుతుంది. అంతకుముందే కనెక్టర్లు విప్పి, గీకి, మళ్లీ బిగించి, మీద నీళ్లు దిగకుండా టేపు చుట్టాలి. పిడుగులు పడే సాయంత్రాల్లో తీగను సెట్టునుంచి విడదీసి కిటికీ బయట పడెయ్యాలి. అలా విడదీసిన రాత్రి పటం మీద ఆ ఇంటి చుక్క కొత్త రిపోర్టులేమీ పంపదు. ఎవరైనా చూస్తే అక్కడ స్టేషను మూగబోయిందని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. పొద్దున వాన వెలిశాక తీగ మళ్లీ తగిలించి, గడియారం ఒకసారి సరిచూసుకుని, పదిహేను సెకన్ల వంతు తిరిగేదాకా ఆగితే మొదటి పేరు పడుతుంది.